బయట అయింది, లోపల?

గైలెన్ హాగ్‌స్టాడ్ బయటి మనిషి. ఆయన భార్య మార్లిస్ లోపలి మనిషి. చలికాలం రాగానే ఉత్తర డకోటాలో ఇంటికి తాళం పెట్టి, చక్రాల మీద ఇల్లు లాంటి మోటర్‌హోమ్ వేసుకుని ఆరిజోనా ఎడారికి దిగే మా జంటలన్నిటిలోనూ ఇదే పంపకం. కూర్చోబెట్టి ఎవరూ చెయ్యరు, దానంతటదే కుదురుతుంది. నీళ్ళ గొట్టం విప్పి చుట్టడం, కరెంటు తీగ మడతపెట్టడం, మురుగు గొట్టం కడగడం, బండి కింద మోపిన ఇనప కాళ్ళు పైకి లేపడం, టైర్లలో గాలి చూడటం మగవాడి పని. కప్పులు సర్దడం, సొరుగులు బిగించడం, కాఫీ కెటిల్‌ని సింకులో పడుకోబెట్టడం, ఆఖర్న స్విచ్చి నొక్కి ఆగినప్పుడు గది వెడల్పు కోసం బయటికి జరిపిన బండి గోడల్ని లోపలికి లాగడం ఆడదాని పని. ఎందుకలా అని అడిగి చూడండి, ఒక్కరి దగ్గరా జవాబుండదు. బయటివాడు లోపలికి తొంగి చూడడు, లోపలావిడ బయటి గొట్టం ముట్టుకోదు. కాపురాలు మాత్రం నిక్షేపంలా సాగిపోతుంటాయి.

పనులన్నీ అయ్యాక గైలెన్ చేతులు కడుక్కుని వచ్చి స్టీరింగు ముందు కూర్చునేవాడు. అద్దాలు సరిచేసుకుని, వెనక్కి తిరక్కుండానే అరిచేవాడు.

"బయట అయింది! లోపల?"

"లోపలా అయింది. పద, మహానుభావా!"

ఆ జవాబు చెవినపడకుండా ఆయన బ్రేకు మీంచి కాలు తీసిన రోజు లేదు.

ఇక ఆ ఫ్రిజ్ సంగతి చెప్పాలి. బండితో పాటు వచ్చిన చిన్న ఫ్రిజ్ గ్యాసుతో నడిచేది. దాని తలుపుకి గట్టి గడియ ఉండేది గానీ, ఐస్‌క్రీం పెడితే చారయ్యేది. మార్లిస్ రెండేళ్ళు సణిగి, మూడో ఏడు పట్టుబట్టి, ఇళ్ళల్లో వాడే పెద్ద ఫ్రిజ్ కొనిపించింది. పైన రెండు తలుపులు, కింద లాగితే వచ్చే ఫ్రీజర్ అర. అది బండి గుమ్మంలో పట్టలేదు. ముందు అద్దం మొత్తం ఊడదీసి, నలుగురు మనుషులు మోసి అందులోంచి ఎక్కించారు. మా బండ్లన్నీ నిలిపే పార్కంతా కుర్చీలు తెచ్చుకుని ఆ తమాషా చూసింది.

ఇంటి ఫ్రిజ్‌కి ఇల్లు కదులుతుందని ఏం తెలుసు పాపం? దాని తలుపులు అయస్కాంతం పట్టీతో అతుక్కుని ఉంటాయంతే. మలుపు తిరిగితే బావురుమంటాయి. గైలెన్‌కి ఆ మాత్రం తెలుసు కాబట్టి మర్నాడే ఇనప గడియ, డ్రిల్లు పట్టుకుని లోపలికి వచ్చాడు. మార్లిస్ ఫ్రిజ్‌కి అడ్డంగా నిలబడింది.

"నా కొత్త ఫ్రిజ్‌కి ఒక్క చిల్లు పడిందంటే ఇవాళ్టి నుంచి నీ పక్క బయటే!"

"మరి దార్లో తలుపులు తెరుచుకుంటేనో?"

"అది లోపలి సంగతి. నీకెందుకు?"

నాకెందుకులే అనుకుని డ్రిల్లు సర్దేసుకున్నాడు. ఆ తర్వాత ఎన్ని చలికాలాలు, ఎన్ని కొండలు, ఎన్ని ఘాట్ రోడ్లు! ఫ్రిజ్ తలుపు ఒక్కసారీ తెరుచుకోలేదు. ఎందుకు తెరుచుకోలేదని ఆయన అడగలేదు. చూద్దామన్నా కనపడేది కాదు. గోడలు లోపలికి జరిగాక ఫ్రిజ్ ఒక మూలకి నక్కిపోయేది, దాని ముందు చెయ్యి దూరేంత సందు మాత్రం మిగిలేది. ఆయన బయట పని ముగించి ఎక్కేసరికి గోడలు జరిగిపోయి ఉండేవి. చేరాల్సిన చోటు చేరాక ఆయన గొట్టాలు తగిలించడానికి దిగేవాడు, తిరిగొచ్చేసరికి గోడలు బయటికి జరిగి ఉండేవి, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి మజ్జిగ గ్లాసులో పోసి ఉండేది.

మార్లిస్ గురించి ఇంకో మాట. బయల్దేరే రోజు పొద్దున ఆవిడ పచ్చ తువ్వాలుగుడ్డ గౌనులోనే లోపలి పనంతా చేసేది. అదే గౌనుతో మెట్ల మీద నిలబడి, ఒక చేత్తో గౌను ముందు భాగం మూసి పట్టుకుని, రెండో చేత్తో పార్కువాళ్ళందరికీ టాటా చెప్పేది. గైలెన్‌కి తల కొట్టేసినట్టుండేది. చర్చిలో ఎప్పుడూ వెనక వరసలో కూర్చునే మనిషి మరి.

"ఆ గౌనుకి బెల్టు లేదా? ఊరంతా చూస్తోంది!"

"ఉంది. డ్యూటీలో ఉంది," అనేది ఆవిడ నవ్వుతూ.

ఆవిడ మాటల్లో సగం ఇలాంటివేనని ఆయన పట్టించుకునేవాడు కాదు.

జనవరిలో ఒక మధ్యాహ్నం గిన్నెలు తుడిచే గుడ్డ ఆరేస్తూ ఆరేస్తూ మార్లిస్ ఒరిగిపోయింది. గుండె. అంబులెన్సు వచ్చింది గానీ దానికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. అప్పటికి మా ఊళ్ళో నేల బండరాయిలా గడ్డకట్టి ఉంది. చలికాలంలో పోయినవాళ్ళు మా దగ్గర వసంతం దాకా ఆగాల్సిందే, గొయ్యి తవ్వడానికి నేల మెత్తబడాలి. కాబట్టి అక్కడే దహనం చేయించి, ఆమె బూడిదున్న చెక్కపెట్టెతో గైలెన్ ఆ ఎడారిలోనే మూడు నెలలు గడిపాడు. మంచం మీద తన వైపే పడుకునేవాడు. ఆవిడ వైపు దుప్పటి ముడత పడేది కాదు. ఒంటరితనం అంటే ఏమిటో పొలంలో ట్రాక్టరు మీదే తెలిసిపోయిందనుకునేవాడు. అది ఒంటరితనం కాదు, సాయంత్రం ఇంటికెళితే మనిషి ఉంటుందన్న ధీమాతో ఒంటరిగా ఉండటం. ఇది వేరు.

పక్క బండి ఫెర్న్ వచ్చి మార్లిస్ బట్టలు సర్దిపెట్టింది. పార్కులో ఎవరైనా తీసుకునేలా బట్టలు పెట్టే గది ఒకటుంది.

"ఈ పచ్చ గౌనుకి బెల్టేదీ గైలెన్?"

"ఎక్కడో పోయుంటుంది. తీసుకెళ్ళు ఫెర్న్."

తీసుకెళ్ళింది. కానీ ఫ్రీజర్ అరని మాత్రం ఆయన ఎవర్నీ తియ్యనివ్వలేదు. అందులో లెఫ్సాలున్నాయి. ఉడికించిన బంగాళాదుంపలతో, కాగితంలా పల్చగా ఒత్తి కాల్చే రొట్టెలు. ఏటా డిసెంబరులో మార్లిస్ ఎండలో పెనం పెట్టి వాటిని కాల్చి, గుడ్డల్లో చుట్టి ఫ్రీజర్‌లో దాచేది. వసంతంలో ఇంటికెళ్ళిన రోజు తన అక్క బర్నెల్ ఇంట్లో అందరూ కూర్చుని వెన్న, చక్కెర రాసుకుని చుట్టుకుని తినేవాళ్ళు. బర్నెల్ కూడా చేస్తుంది గానీ ఆవిడ లెఫ్సా చెప్పు అట్టలా ఉంటుందని ఆవిడే ఒప్పుకుంటుంది.

మార్చిలో బర్నెల్ ఫోన్ చేసింది.

"ఏమయ్యా గైలెన్, మా చెల్లెలి లెఫ్సాలున్నాయా, తినేశావా?"

"ఉన్నాయి. ముట్టుకోలేదు."

"ముట్టుకోకు. పూడ్చిపెట్టే రోజు చర్చిలో భోజనానికి అవే పెడదాం. ఇక దాని చేతి వంట తినడం అదే ఆఖరు. దార్లో కరగనిచ్చావంటే మాత్రం నీకూ నాకూ మాటల్లేవు. కరిగిన లెఫ్సా మళ్ళీ గడ్డకట్టిందంటే పెంకుల్లా విరుగుతుంది, తెలుసుగా?"

"తెస్తాను బర్నెల్. మాటిస్తున్నా."

గైలెన్ మాటలు తక్కువ మనిషి. అందుకే ఇచ్చిన మాట ఆయనకి పెద్ద బరువు.

ఏప్రిల్ చివర్లో బయల్దేరాడు. బయటి పని కళ్ళు మూసుకుని చేశాడు. లోపలి పని తనకి తోచినట్టు చేశాడు. కప్పులు సర్దాడు, సొరుగులు నెట్టాడు, కెటిల్‌ని సింకులో పడుకోబెట్టాడు, గోడలు లాగాడు. చెక్కపెట్టెని పక్క సీట్లో పెట్టి సీటు బెల్టు తగిలించాడు. అద్దాలు సరిచేసుకున్నాడు.

"బయట అయింది! లోపల?"

నోరు జారింది. ఎన్నో ఏళ్ళ అలవాటు, నోరు ఊరుకుంటుందా? వెనకనుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇంజను మాత్రం గుర్రుగుర్రుమంటోంది. ఆయన "అయ్యే ఉంటుంది," అని గొణుక్కుని బ్రేకు వదిలాడు.

అవ్వలేదు. పార్కు గేటు దాటి హైవే మీదికి మలుపు తిప్పగానే వెనక ధడేల్‌మంది. సీసాలు దొర్లిన చప్పుడు. ఆ వెంటనే ఫ్రిజ్ 'కీ, కీ' అని మొదలుపెట్టింది. తలుపు తెరిచుంటే అరిచే రకం అది. ఇంట్లో అయితే మంచిదే. బండి నడుపుతూ వింటే చంటిపిల్ల ఏడుపు విన్నట్టే, చెయ్యి ఆడదు.

పెట్రోలు బంకు వెనక కంకర మైదానంలో ఆపి గోడ బయటికి జరిపాడు. నేలంతా పాలు, ఆవాల ముద్ద, ఊరగాయ దోసకాయలు. ఫ్రీజర్ అర కూడా ముందుకు జారింది. గుడ్డ తీసి తడిమి చూశాడు. లెఫ్సాలు రాళ్ళలా ఉన్నాయి. అమ్మయ్య అనుకుని నేల మీదే కూలబడ్డాడు.

చీపురు కోసం తలుపు తీసేసరికి పక్కన ఆగిన బండి మనిషి రాయిస్ మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. టెక్సస్ మనిషి, పెద్ద నోరు, మంచి మనసు. పాలు మెట్ల మీంచి కారుతుంటే చూసి వచ్చాడు.

"ఇంటి ఫ్రిజ్ పెట్టించావా పెద్దాయనా? అయితే ఇంతే! మొదటిసారి నాది తెరుచుకున్నప్పుడు ఇరవై గుడ్లు కార్పెట్టు మీద పగిలాయి. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది."

"ఇప్పుడేం వాడతావు?"

"వెడల్పాటి టేపు. అడ్డంగా, నిలువుగా, నాలుగు చుట్లు. ప్రపంచంలో టేపుకి లొంగనిది లేదు."

ఇంతలో అతని భార్య దిగింది. "ఈయన మాట వినకండి. మొన్న ఆ టేపు ఊడి పులుసంతా ఒలికింది. రబ్బరు తాడు కొక్కేలు కొనుక్కోండి." చుట్టూ చేరినవాళ్ళలో ఒకరు కర్ర అడ్డం పెట్టమన్నారు. ఇంకొకాయన పిల్లలున్న ఇళ్ళల్లో అతికించే తాళాలు చూపించాడు, అవీ ఊడి జేబులోనే ఉన్నాయి. అందరి దగ్గరా సలహాలున్నాయి, నిలిచిన తలుపు మాత్రం ఒక్కటీ లేదు. గైలెన్ అన్నిటికీ తలూపి, లోపలి పని చూసే భార్య జనవరిలో పోయిందని చెప్పాడు.

"అవునుగానీ, ఇన్నాళ్ళూ మీ ఆవిడ ఏం వాడేది?" అని రాయిస్ అడిగాడు.

గైలెన్ వెనక్కి తిరిగి ఫ్రిజ్ వైపు చూశాడు. "తెలీదు," అన్నాడు.

"తెలీదా? ఇన్నేళ్ళు ఒకే బండిలో తిరిగి?"

"అది లోపలి సంగతి," అన్నాడు గైలెన్. అనగానే ఆ మాట ఎంత వెర్రిగా ఉందో ఆయనకే వినబడింది. రాయిస్ తన టేపు చుట్ట ఒకటి ఆయన చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రికి నెవాడాలో ఆగాడు. మర్నాడు టేపు నాలుగు చుట్లు కాదు, ఆరు చుట్లు చుట్టి బయల్దేరాడు. వర్జిన్ నది కొండలోయ దాకా బాగానే ఉంది. ఆ లోయలో రోడ్డు రెండు గోడల మధ్య పాములా మెలికలు తిరుగుతుంది. అటు కొండ, ఇటు నది, పక్కకి ఆపడానికి మూరెడు చోటుండదు. ఎండకి బండి లోపల కాగిపోతోంది. రెండో మలుపులో టేపు జిగురు కరిగి చర్రున లేచిన చప్పుడు వినబడింది. మూడో మలుపులో అర జారింది.

కీ, కీ, కీ.

ముందు లారీ, వెనక లారీ. ఆగడానికి లేదు, లేవడానికి లేదు. స్టీరింగు పట్టుకున్న చేతులు చెమటకి జారుతున్నాయి. "ఆగు, ఆగు, వస్తున్నా," అని ఆయన ఫ్రిజ్‌తో అంటున్నాడో, పక్క సీట్లో పెట్టెతో అంటున్నాడో ఆయనకే తెలీదు. "ఏం చేసేదానివే మార్లిస్? ఒక్కసారి చెప్పి పోకూడదూ? అడగనంటే మాత్రం, నువ్వైనా చెప్పకూడదూ?" అని గట్టిగానే అరిచాడు. పెట్టె సీటు బెల్టులో బుద్ధిగా కూర్చుని ఉంది. ఫ్రిజ్ లోయంతా ఏడుస్తూనే ఉంది.

లోయ దాటాక యూటాలో మొదట దొరికిన విశ్రాంతి స్థలంలో ఆపాడు. గోడ జరిపి అర చూశాడు. పైన ఉన్న మూట అంచులు మెత్తబడ్డాయి. వేలు పెడితే వేలు దిగింది. కింది మూటలు గట్టిగానే ఉన్నాయి, కానీ ఇంకో లోయ వస్తే ఉండవు. మోంటానా కొండలు ముందున్నాయి. గైలెన్ ఆ మెత్తటి మూటని రెండు చేతుల్లో పట్టుకుని, జనవరి నుంచి ఏడవని ఏడుపు అప్పుడు ఏడ్చాడు. అంత్యక్రియలకి ఏర్పాట్లు చేస్తూ ఏడవలేదు, బట్టలు సర్దుతుంటే ఏడవలేదు. కరిగిన రొట్టె ముందు కూర్చుని ఏడ్చాడు.

ముఖం కడుక్కుని బర్నెల్‌కి ఫోన్ చేశాడు. చెప్పక తప్పదు, మాటిచ్చాడు.

"ఒక మూట పోయింది బర్నెల్. మిగతావి తేగలనో లేదో. ఈ తలుపులు నిలవడం లేదు. టేపు పెట్టాను, ఊడింది. రేపు డ్రిల్లు కొని గడియ బిగిస్తాను."

తిడుతుందనుకున్నాడు.

"డ్రిల్లా? గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చే బుద్ధి నీకు ఇంకా పోలేదా? బెల్టు కట్టవయ్యా!"

"ఏ బెల్టు?"

"ఏ బెల్టేమిటి? దాని పచ్చ గౌను బెల్టు! అన్నేళ్ళూ దాంతోనేగా కట్టింది. బయల్దేరే రోజు బెల్టు ఫ్రిజ్‌కి కట్టేసి, తను గౌను చేత్తో పట్టుకుని తిరిగేది. ఎన్నిసార్లు ఫోన్లో పగలబడి నవ్వామో! 'మా ఆయన ప్రతిసారీ బెల్టేదని అడుగుతాడే, డ్యూటీలో ఉందని చెబుతా, అయినా వెనక్కి తిరిగి చూడడు' అనేది. నీకు నిజంగా తెలీదా?"

గైలెన్ చెవిలో ఫోన్ ఉంది గానీ ఆయన అక్కడ లేడు. మెట్ల మీద నిలబడి గౌను మూసి పట్టుకుని టాటా చెబుతున్న మనిషి దగ్గర ఉన్నాడు. తల కొట్టేసినట్టుందని విసుక్కున్న ప్రతి పొద్దుటి దగ్గరా ఉన్నాడు.

"గైలెన్? ఉన్నావా?"

"గౌను ఇచ్చేశాను బర్నెల్."

"బెల్టూ ఇచ్చేశావా?"

"బెల్టు..." ఆయన ఆగాడు. ఫెర్న్ అడిగింది కదా, బెల్టేదీ అని. "బెల్టు అప్పటికే లేదు."

"లేకపోవడమేమిటి? అది ఎక్కడికి పోతుంది? బండిలోనే ఉంటుంది, చూడు! చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికేవాడివి నువ్వు!"

ఫోన్ పెట్టేసి ఫ్రిజ్ ముందు నిలబడ్డాడు. ఎదురుగా ఏమీ లేదు. మార్లిస్ పొట్టి మనిషని గుర్తొచ్చి మోకాళ్ళు వంచాడు. ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య సందులో, ఆవిడ భుజం ఎత్తున చెయ్యి పెట్టి తడిమాడు. తువ్వాలుగుడ్డ వేళ్ళకి తగిలింది. చిన్న కొక్కేనికి, చక్కగా మడిచి వేలాడదీసి ఉంది. చివరిసారి ఆ పార్కుకి చేరిన రోజు విప్పి అక్కడ పెట్టింది. మళ్ళీ బయల్దేరే రోజు తీయడానికి.

పచ్చ రంగు అక్కడక్కడా వెలిసిపోయింది. ఎలా కట్టేదో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది, బెల్టు మీదే రాసిపెట్టినట్టుంది. రెండు పిడులు నొక్కుకున్న చోట నూలు అణిగిపోయి నునుపెక్కింది. కింది అర పిడిలోంచి దూరే చోట నలుపు గీత పడింది. ముడి పడే చోట ముడత గట్టిపడి, మళ్ళీ అక్కడే మడతపడటానికి తొందరపడింది. గైలెన్ ఆ గుర్తుల వెంటే చుట్టి ముడి వేశాడు. లాగి చూశాడు. అయస్కాంతం, టేపు, ఇనప గడియ ఎందుకూ పనికిరావనిపించేలా పట్టింది.

ఇడాహో దాటాడు. మోంటానాలో కనుమ దగ్గర మంచు కురిసింది, ఆ మలుపుల్లో లారీలే జారాయి. ఫ్రిజ్ కిక్కురుమనలేదు. రోజూ పొద్దున స్టీరింగు ముందు కూర్చుని, "బయట అయింది, లోపల?" అనేవాడు. అని, లేచి వెనక్కి వెళ్ళి, సందులో చెయ్యి పెట్టి ముడి తాకి, మళ్ళీ వచ్చి కూర్చునేవాడు. పక్క సీటుకేసి చూసి "అయింది," అనేవాడు. బెల్టు దొరికిందన్న సంతోషం ఉంది గానీ, అది చెప్పుకుని నవ్వడానికి మనిషి లేదు. ఎవరితో నవ్వాలో ఆ మనిషే లేదు.

ఊరు చేరే రోజుకి నేల మెత్తబడింది. సమాధి దగ్గర గాలి చెవులు కోసేస్తోంది. పాస్టరు ప్రార్థన చదివాడు, చెక్కపెట్టె దించారు. తర్వాత చర్చి కింది హాల్లో భోజనం. పంది మాంసం, బంగాళాదుంపలు, ఎప్పుడూ ఉండే కాఫీ. బల్ల మధ్యలో మార్లిస్ లెఫ్సాలు. మెత్తబడిన మూటవి కొన్ని విరిగాయి, మిగతావన్నీ పల్చగా, మెత్తగా, అంచులు చెదరకుండా నిలిచాయి. అందరూ వెన్న రాసుకుని చుట్టుకుని తిన్నారు. బర్నెల్ ఒకటి తిని, కళ్ళు తుడుచుకుని, "నావి ఇక జన్మలో ఇలా రావు," అంది. గైలెన్ విరిగినవి తిన్నాడు.

భోజనాలయ్యాక బర్నెల్ ఇంటికి వెళ్ళాలి. బండి అక్కడే పెట్టుకోమని ఆవిడే పిలిచింది. చర్చి ముందు ఆగిన బండి ఎక్కి, మిగిలిన మాంసం, కూర గిన్నెలు ఫ్రిజ్‌లో పెడుతూ బెల్టు చూసి ఆగిపోయింది. చేత్తో నిమిరింది.

"ఇది కూడా దానితో పాటు పెట్టేయాల్సింది గైలెన్. పోనీ రేపు వెళ్ళి పెడదామా? దానిదేగా."

"కుదరదు బర్నెల్."

"ఎందుకు కుదరదు?"

"డ్యూటీలో ఉంది," అన్నాడు గైలెన్.

బర్నెల్ ముందు నవ్వింది. తర్వాత బెల్టుని ఇంకోసారి నిమిరి, ముందుకెళ్ళి పక్క సీట్లో కూర్చుంది. అన్ని వందల మైళ్ళు పెట్టె కూర్చున్న సీటు అది.

గైలెన్ బెల్టు చుట్టి ముడి వేశాడు. గోడలు లాగాడు. దిగి టైర్లు చూసి, ఇనప కాళ్ళు లేపి, చేతులు తుడుచుకుని వచ్చి కూర్చున్నాడు. అద్దాలు సరిచేసుకున్నాడు. పక్కన మనిషి ఉందన్న ఊహకో ఏమో, గొంతు పాత రోజుల్లో లాగే గట్టిగా లేచింది.

"బయట అయింది! లోపల?"

బర్నెల్ తిరిగి చూసింది. "ఏం లోపల?"

"ఏం లేదు," అన్నాడు. ఆవిడకేం తెలుసు, ఆవిడ తప్పేముంది? లేచి వెనక్కి వెళ్ళి, సందులో చెయ్యి పెట్టి ముడి తాకి, తిరిగొచ్చి కూర్చున్నాడు.

"లోపలా అయింది," అని తనే మెల్లిగా అన్నాడు.

ఆ తర్వాత రావాల్సిన 'పద' కోసం ఇంకాస్సేపు ఆగాడు. బర్నెల్ కిటికీలోంచి సమాధుల వైపు చూస్తోంది. గైలెన్ బ్రేకు మీంచి కాలు తీశాడు.